రాణి చీమను పెంచుదామని పిల్లలు అడిగితే

పరాయి దేశంలో ఉంటున్న మన ఇళ్ళలో పిల్లలు కుక్కపిల్ల కావాలంటే పెద్దవాళ్ళ దగ్గర ఒకటే జవాబు ఉంటుంది: ఊరెళ్ళినప్పుడు దాన్ని ఎవరు చూస్తారు? ఆ జవాబు చీమల దగ్గర చెల్లదు. ఒక రాణి చీమ, ఒక టెస్ట్ ట్యూబు, కాస్త దూది, కాసిని నీళ్ళు ఉంటే పుట్ట మొదలైనట్టే. చాలా జాతుల్లో మొదటి పనిచీమలు పుట్టేదాకా రాణికి తిండి కూడా అక్కర్లేదు. కష్టమంతా మనకీ పిల్లలకీనూ, ముట్టుకోకుండా ఉండడం దగ్గర. కొత్తవాళ్ళ చేతుల్లో పుట్ట పోయిందంటే ముందు అనుమానించాల్సింది అతిశ్రద్ధనే.

సెలవులకు వెళ్ళినప్పుడు ఊరి గండుచీమల రాణిని ఒక డబ్బాలో పెట్టుకొచ్చేద్దామన్న ఆలోచన పిల్లలకు వస్తుంది, ఒక్కోసారి నాన్నలకూ వస్తుంది. వద్దు. బతికున్న కీటకాలను అనుమతి లేకుండా సరిహద్దు దాటించడం చాలా దేశాల్లో నేరం. 2025లో కెన్యాలో సుమారు 5,000 రాణి చీమలను దూది పెట్టిన ట్యూబుల్లో దాటించబోయి పట్టుబడ్డ ఇద్దరు బెల్జియం కుర్రాళ్ళకు కోర్టు తలా పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా వేసింది. అమెరికాలోనైతే ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపాలన్నా వ్యవసాయ శాఖ అనుమతి కావాలి. కారణం ఉంది: బయటి జాతి ఒకటి తప్పించుకుని నిలదొక్కుకుంటే అక్కడి చీమలను తరిమి, పంటలకూ తోటలకూ చేటు చేస్తుంది. కాబట్టి పిల్లలు పెరుగుతున్న నేల మీద దొరికే చీమే వాళ్ళ చీమ.

ఐరోపాలో మొదటిసారి పెంచేవాళ్ళకు లేసియస్ నైగర్ అనే నల్ల తోటచీమను మించింది లేదు. మొండి ప్రాణం, త్వరగా పెరుగుతుంది, దీనికి కుట్టే ముల్లు లేదు. ఉత్తర అమెరికాలో కాలిబాటల పక్కన కనిపించే టెట్రామోరియం ఇమ్మైగ్రాన్స్ దొరుకుతుంది. ఇదీ ఐరోపా నుంచి వలస వచ్చి స్థిరపడ్డదే, ఎప్పటినుంచో అక్కడే ఉంది కాబట్టి పెంచితే కొత్తగా వచ్చే ముప్పేమీ లేదు. కాంపోనోటస్ దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. మన గండుచీమలూ ఈ ప్రజాతివే. చీమ పెద్దది కాబట్టి పిల్లల కళ్ళకు బాగా ఆనుతుంది, కానీ ఎదుగుదల నత్తనడక, మొదటి ఏడాది పదీ ఇరవై చీమలతోనే గడిచిపోవచ్చు. నిప్పుచీమల జోలికీ, గట్టిగా కుట్టే హార్వెస్టర్ చీమల జోలికీ పిల్లలున్న ఇంట్లో పోవద్దు. బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అన్న చీమ కథ వినని తెలుగు పిల్లలు తక్కువ. వీటి విషయంలో అది కథ కాదు.

రాణిని కొనడం కంటే పట్టుకోవడం మేలు. వేసవిలో వాన వెలిసి, ఉక్కగా, గాలి పెద్దగా లేని మధ్యాహ్నం రెక్కల చీమలు ఎగురుతాయి. కాంపోనోటస్‌లో కొన్ని వసంతం చివర్లోనే ఎగిరిపోతాయి. ఆడచీమ సంపర్కం అయ్యాక నేల మీదికి దిగి తన రెక్కలు తానే తుంచుకుంటుంది. కాలిబాట మీద రెక్కల్లేకుండా, కంగారుగా ఒంటరిగా పరిగెత్తే పెద్ద చీమ కనిపిస్తే అదే. పనిచీమతో పోలిస్తే నడుముకు ముందున్న భాగం బాగా ఉబ్బెత్తుగా ఉంటుంది, దాని పక్కల రెక్కలు ఊడిన చిన్న మచ్చలు కనిపిస్తాయి. మనవాళ్ళు ఇక్కడ ఒకటి పొరబడతారు: ఉసిళ్ళు చీమలు కావు, చెదలు. చెదపురుగుకు సన్నని నడుము ఉండదు, మీసాలు తిన్నగా ఉంటాయి, నాలుగు రెక్కలూ సమానంగా ఉంటాయి. చీమ మీసం మోచేయిలా వంగి ఉంటుంది, ముందు రెక్కలు వెనకవాటికంటే పెద్దవి. పిల్లలకు భూతద్దం ఇచ్చి ఈ తేడా వాళ్ళనే పట్టుకోనిస్తే సగం పాఠం అక్కడే అయిపోతుంది.

పట్టుకున్న రాణుల్లో కొన్ని గుడ్లు పెట్టవు, కొన్ని కారణం తెలియకుండానే చచ్చిపోతాయి. అందుకని రెండు మూడింటిని పట్టి, వేటి ట్యూబు వాటికి ఇవ్వాలి. రెండిటినీ ఒకే ట్యూబులో పెట్టమని పిల్లలు పేచీ పెడతారు, పాపం ఒంటరిది అని. లేసియస్ రాణులు మొదట్లో కలిసే ఉంటాయి, పనిచీమలు పుట్టగానే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ సంగతి ముందే చెప్పేయండి.

ట్యూబు 15 సెంటీమీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే సరిపోతుంది. మూడో వంతు నుంచి సగం దాకా శుభ్రమైన నీళ్ళు పోయాలి. దూది ఉండను పెన్సిలుతో కిందికి నెట్టి, నీళ్ళను తాకేదాకా బిగించాలి. దూదికీ నీళ్ళకీ మధ్య గాలి బుడగ ఉండకూడదు. ఉంటే ట్యూబు వేడెక్కినప్పుడు ఆ గాలి పెరిగి నీళ్ళను ఇవతలికి తోస్తుంది, రాణి మునుగుతుంది. దూది మరీ వదులైతే కారుతుంది, మరీ బిగిస్తే తడి ఇవతలికి రాదు. సరిగ్గా కుదిరితే ఇవతలి ముఖం తడిగా ఉంటుంది, నొక్కితే చెమ్మ తేలుతుంది, చుక్క మాత్రం జారదు. రాణికి అయిదారు సెంటీమీటర్ల జాగా వదిలి, మూతి దగ్గర పొడి దూదిని గాలి ఆడేలా వదులుగా పెట్టాలి. ట్యూబును అడ్డంగా పడుకోబెట్టి, దొర్లకుండా కింద ఏదైనా పెట్టి, చీకటి అలమరాలో ఉంచాలి. తలుపు దబాదబా పడే చోట, వాషింగ్ మెషీన్ పక్కన, స్పీకరు దగ్గర పెట్టొద్దు. చీమకు చప్పుడు కంటే అదురు ఎక్కువ బాధ.

ఇక అసలు పరీక్ష. రాణి రెక్కల కండరాలు లోపలే కరుగుతాయి, ఒంట్లోని కొవ్వుతో పాటు ఆ సారంతోనే మొదటి పిల్లల్ని పోషిస్తుంది. ఇక అది ఎగరనక్కర్లేదు కదా. 24 నుంచి 26 డిగ్రీల మధ్య లేసియస్‌కు గుడ్డు నుంచి పనిచీమ దాకా ఆరు నుంచి ఎనిమిది వారాలు, కాంపోనోటస్‌కు అంతకంటే ఎక్కువ పడుతుంది. ఈలోగా వారానికి ఒక్కసారే, ఒక్క నిమిషమే తీసి చూడాలి. రోజూ తీస్తే బెదిరిన రాణి తన గుడ్లను తానే తినేస్తుంది. చూసే రోజు ఆదివారం అని గోడ మీద రాసి పెట్టండి, ఆ రోజు ఊళ్ళో అమ్మమ్మకు వీడియో కాల్ కలపండి. పిల్లవాడు చూసింది చూసినట్టు చెప్పాలి: గుడ్లెన్ని, వాటినుంచి వచ్చిన పురుగులు, అంటే లార్వాలు ఎన్ని, కదిలినవెన్ని. వాక్యం మధ్యలో తప్పులు దిద్దొద్దు. అవతల అమ్మమ్మ వేసే ఎదురు ప్రశ్నలే ఆ పని చేస్తాయి. లార్వాకు డింభకం అని నిఘంటువు మాట వెతికి పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, లార్వా అంటే అమ్మమ్మకూ తెలుస్తుంది. పెద్దవాళ్ళు గుడ్లు అనుకునే ఆ లేత గోధుమరంగు బియ్యపుగింజల్లాంటివి నిజానికి లేసియస్, కాంపోనోటస్ ప్యూపాలు, అంటే పట్టుగూడులో చుట్టుకుని చీమలుగా మారుతున్న లార్వాలు. అసలు గుడ్లు ఇసక రేణువంత ఉంటాయి, కుప్పగా అంటుకుని ఉంటాయి. అమ్మమ్మకు ఈ తేడా మనవడు చెప్పాల్సి వచ్చిన రోజు వాడి తెలుగు ఎవరి ప్రమేయం లేకుండానే పరిగెత్తుతుంది.

వారం వారం నోటుపుస్తకంలో తేదీ, గది ఉష్ణోగ్రత, లెక్కలు రాయాలి. ఏ లిపిలో రాసినా పరవాలేదు. గుడ్లు పదిహేను నుంచి ఆరుకు పడిపోతే ఎందుకో వెతకడానికి ఆ పుస్తకమే దిక్కు.

మొదటి పనిచీమలు చాలా చిన్నవి, పిరికివి. ఇవి పుట్టి ఒళ్ళు గట్టిపడి, రంగు తేలిన రెండు మూడు రోజులకు మేత మొదలు. చెంచా పంచదారకు నాలుగు చెంచాల నీళ్ళు కలిపి, గుండుసూది తల కంటే కాస్త పెద్ద చుక్కను చిన్న అట్టముక్క మీద పెట్టి లోపలికి జార్చాలి. పెద్ద చుక్కలో చీమ మునిగి చస్తుంది. లార్వాలకు మాంసకృత్తులు కావాలి: అయిదారు చీమలకు సగం పండు ఈగ, లేదా వేడినీళ్ళలో ముంచి చంపిన మీల్‌వార్మ్ (పెంపుడు జీవుల మేతకు అమ్మే పురుగు) నుంచి కోసిన ఆవగింజంత ముక్క. బతికున్న పురుగును వేయొద్దు, చిన్న పుట్టను అది తొక్కేస్తుంది. తోటలో దొరికినదాన్ని అసలే వద్దు. పక్కింటివాళ్ళు ఏ మందు కొట్టారో మనకు తెలియదు, ఒక్క విషపు ఈగతో పుట్ట మొత్తం పోతుంది. వారానికి రెండుసార్లు పెట్టి, మిగిలింది మర్నాటికల్లా తీసేయాలి, లేకపోతే బూజు పడుతుంది.

ఒకసారి భూతద్దం పెట్టి ఓపిగ్గా చూడండి. తాగి వచ్చిన చీమ పొట్ట ఉబ్బి, చారల మధ్య చర్మం మెరుస్తూ ఉంటుంది. ఇంకో చీమ ఎదురొచ్చి మీసాలతో దాని ముఖం మీద గబగబా తడుతుంది. అది నోరు తెరుస్తుంది, రెండు నోళ్ళ మధ్య తేటగా ఒక బొట్టు నిలుస్తుంది. ఆ పొట్టలో ఉన్నది తన ఒక్కదానికి కాదు, పంచడానికి దాచిన వాటా. సొంత జీర్ణాశయం వేరేగా ఉంటుంది. పంచుకోమని రోజూ పోరు పెట్టే ఇళ్ళలో దీన్ని చూపించి నీతి చెప్పబోతారు తల్లిదండ్రులు. చెప్పకుండా ఉండడమే మంచిది.

దూదికి నల్ల మచ్చలు వస్తే వెంటనే కంగారు పడక్కర్లేదు, చాలాసార్లు పుట్టకు ఏమీ కాదు. నీళ్ళు అయిపోతున్నా, బూజు గుడ్ల దాకా పాకినా కొత్త ట్యూబు సిద్ధం చేసి, రెండు మూతులనూ ఎదురెదురుగా టేపుతో అతికించి, కొత్తదాన్ని రేకు కాగితంతో చుట్టి చీకటి చేసి, పాతదాన్ని వెలుతురులో ఉంచాలి. ఎండలో మాత్రం కాదు, గాజు గొట్టం నిమిషాల్లో ఉడికిపోతుంది. చీమలు వాటంతటవే చీకటి ట్యూబులోకి మారడానికి గంటలు పట్టొచ్చు, రోజులు పట్టొచ్చు. దులిపి వేయడం ఆఖరి మార్గం.

పది చీమలు కాగానే మేడలాంటి గూడు కొనాలని పిల్లలు గోల చేస్తారు. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. జాగా ఎక్కువైతే చీమలు ఒక మూలను చెత్తకుండీ చేస్తాయి, అక్కడ బూజు పడుతుంది, తడి ఎంతుందో మనకు అంతుపట్టదు. ముప్పై నలభై దాటి ట్యూబు కిక్కిరిసే దాకా అందులోనే ఉంచి, ఆ ట్యూబును ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూతి తెరిస్తే చాలు. డబ్బా మేత తెచ్చుకునే ఆవరణ అవుతుంది. దాని పై అంచు లోపలివైపు మూడు సెంటీమీటర్ల పట్టీగా టాల్కం పౌడరును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పల్చటి రంగులా కలిపి పూసి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ పొడి మీద చీమ కాలు నిలవదు. ఈ పని పెద్దవాళ్ళే చేయాలి, కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని. గాలిలో తేమ ఎక్కువైతే పట్టీ చెడుతుంది, నెలకోసారి చూసుకోవాలి. తర్వాత గూడు కొన్నా ఒక వైపు తడిగా, ఒక వైపు పొడిగా ఉండేదే కొనాలి, ఏ గది కావాలో చీమలే తేల్చుకుంటాయి. పైన ఎర్ర రేకు వేస్తే చీమలకు దాదాపు చీకటే, మనకు కనిపిస్తుంది.

ఊరి ప్రయాణాల సంగతి. చలిదేశాల జాతులకు మూడు నాలుగు నెలల శీతనిద్ర తప్పనిసరి. అది లేకుండా ఏడాదంతా వెచ్చగా ఉంచితే రాణి గుడ్లు మానేస్తుంది, ఆయుష్షు తగ్గుతుంది. రెండు మూడు వారాలు చల్లటి గదిలో ఉంచి అలవాటు చేసి, ఫ్రిజ్‌లో 5 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి. మేత అక్కర్లేదు, నీళ్ళున్న ట్యూబు చాలు. కాబట్టి శీతాకాలపు ప్రయాణానికి చీమలంత అనుకూలమైన పెంపుడు ప్రాణి ఇంకోటి ఉండదు. ఉష్ణమండల జాతులకు ఈ నిద్ర లేదు. వేసవిలో నెలా నెలన్నర వెళ్తే మాత్రం, పుట్టలో పనిచీమలుంటే, వారానికి ఒకసారి వచ్చే మనిషి కావాలి. పిల్లల స్నేహితుల్లో ఒకరికి ముందు రెండు వారాలు నేర్పించి అప్పగించవచ్చు. వచ్చే లోపలే బూజు పట్టే కుప్పల మేత వదిలి వెళ్ళడం కంటే తిండి తగ్గడమే నయం: చీమలు కొన్ని లార్వాలను తినేస్తాయి, పుట్ట నిలబడుతుంది.

లేసియస్ నైగర్ రాణి ఒకటి పెంపకంలో 28 ఏళ్ళకు పైగా బతికిన దాఖలా ఉంది. అంటే ఇప్పుడు మూడో తరగతిలో ఉన్న పిల్ల ముప్పై దాటేదాకా. వీసాలూ ఉద్యోగాలూ అంతకాలం ఒకచోట ఉంచవు. దేశం మారాల్సి వస్తే పుట్టను వెంట తీసుకెళ్ళలేం, ఆ ప్రాంతంలోనే చీమలు పెంచే ఇంకొకరికి నోటుపుస్తకంతో సహా ఇచ్చేయాలి. పట్టుకున్నది ఆ పెరట్లోనే అయినా, ఇంట్లో పెరిగిన పుట్టను తిరిగి వదలకపోవడమే మంచిది, ఇంటి మేతతో వచ్చిన పరాన్నజీవులూ రోగాలూ బయటి వాటికి అంటుకోవచ్చు. కొన్న జాతిని ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. తీసుకునేవాళ్ళు ఎవరూ దొరక్కపోతే ముందు ఫ్రిజ్‌లో చల్లబరిచి తర్వాత రెండు రోజులు ఫ్రీజర్‌లో పెట్టడమే దారి. ఈ మాట పిల్లలకు పుట్ట మొదలుపెట్టే రోజే చెప్పాలి, సామాను సర్దే రోజు కాదు.