పాలోళ్లు అంటే ఎవరు?

తెలంగాణ పల్లెల్లో "వాళ్లు మా పాలోళ్లు" అంటే, తాగే పాలకు ముడిపెడతారు కొందరు. కాదు. ఇక్కడ పాలు అంటే వాటా. ఒకే తాత ఆస్తిలో పాలు పంచుకున్న అన్నదమ్ములు, వాళ్ల సంతానం పాలోళ్లు. కోస్తావాళ్లు ఎక్కువగా అనే దాయాదులూ వీళ్లే. దాయమన్నా వారసత్వపు సొత్తే.

భూములు పంచుకున్నా, పొయ్యిలు వేరైనా, మైలకు మాత్రం పంపకం లేదు. పాలోళ్లలో ఒకరు పోతే అందరి ఇళ్లకూ మైలే. ఆ రోజుల్లో పెళ్లి ముహూర్తం ఉంటే వాయిదా వేస్తారు. ఎంత చక్కటి మాట ఇది! పంచుకున్నందుకే ఒక్కటైనవాళ్లు.

మేనత్త పిల్లలు ఎంత దగ్గరైనా పాలోళ్లు కారు. వాళ్లది బావామరదళ్ల వరస. ఇంటిపేరు కలిసినంత మాత్రాన పాలోళ్లనుకోవద్దు, వంశం ఒకటో కాదో పెద్దలనడగాలి.