ఊగడం వేరు, ఒరగడం వేరు

మా అమ్మాయికి పదహారేళ్లు. ఒడ్డుకి దూరంగా వెళ్లి చేపలు పట్టడానికి సొంత కయాక్, అంటే తెడ్డేసుకుంటూ పోయే చిన్న పడవ, కావాలని ఆరు నెలలుగా ఒకటే పోరు. చివరికి ఊగనిదైతే కొందామన్నాను. "ఊగనిది అంటే ఏంటమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు. నాకు ఈత రాదు, నీళ్ల గురించి తెలిసినదల్లా భయమే. తనేమో నడకతో పాటే ఈత నేర్చిన ఇక్కడి పిల్ల.

పైగా తన తెలుగులో ఊగడం, ఒరగడం, తిరగబడటం అన్నిటికీ ఒకటే మాట, "ఊగుద్ది". ముందు వాటిని విడదీయాల్సి వచ్చింది. బాత్‌టబ్ నింపి ఒక చదునైన ట్రే, ఒక గుండ్రటి గిన్నె వదిలాం. కదలని నీళ్లలో ట్రే రాయిలా ఉంది, గిన్నె మాత్రం వేలు తగిలితే చాలు ఊగిపోతోంది. తర్వాత తను చేత్తో అలలు లేపింది. ట్రే ప్రతి అల వాలుతోనూ వాలి, అంచు ముంచుకుని మునిగింది. గిన్నె ఊగుతూనే నిలబడింది. నేను ఏరికోరి అడిగింది ట్రేనన్నమాట!

కయాక్‌లలోనూ ఇంతే. కూర్చోగానే కదలకుండా ఉండటం ఒక రకం స్థిరత్వం, ఒక పక్కకి బాగా ఒరిగాక కూడా బోల్తా పడకుండా ఆగడం ఇంకో రకం. సముద్రంలో ఎక్కువ అక్కరకొచ్చేది రెండోది. అలాగని మరీ సన్నటిదైతే చేప లాగుతున్నప్పుడు కంగారు. మేం చూసినవాటిలో 33 నుంచి 36 అంగుళాల వెడల్పు, 12 నుంచి 14 అడుగుల పొడవు ఉన్నవి మాకు సరిపోతాయనిపించింది. లోపల కాళ్లు దూర్చి కూర్చునే రకం వద్దనుకున్నాం. బోల్తా పడితే అది నిండిపోతుంది, నడి నీళ్లలో తోడిపోయడం కష్టం. పైన కూర్చునే రకంలో పడ్డ నీళ్లు అడుగు రంధ్రాల్లోంచి పోతాయి. అయితే దాని బోలు పొట్టలోకి మూత సందుల్లోంచి నీళ్లు చేరితే అవి ఒరిగిన పక్కకే పరుగెత్తి ఇంకా ఒరగదోస్తాయి. అందుకే మూతల రబ్బరు నేనే వేలితో తడిమి చూశాను. ఎంత బరువు మోస్తుందని రాస్తారో దాంట్లో మూడింట రెండు వంతులు దాటకూడదని మా లెక్క. మనిషి, గేలాలు, బ్యాటరీ, ఐస్ పెట్టె, అన్నీ కలిపే.

కొనేముందు రెండు కయాక్‌లు అరువు తెచ్చి ఒడ్డు దగ్గర నిలకడ నీళ్లలో పరీక్ష పెట్టాను. కావాలని తిరగబడాలి, మళ్లీ ఎక్కాలి. బాగా వెడల్పుదాన్ని తిరగేయడానికే తనకి చెమటలు పట్టాయి. తిరగబడ్డాక దాన్ని సరిచేయడం ఇంకా కష్టమైంది. 34 అంగుళాలదాన్ని మాత్రం ఒక్క ఊపులో సరిచేసి, కాళ్లు తన్నుకుంటూ పొట్ట మీద పాకి, ఒళ్లు తిప్పి కూర్చుంది. "ఇప్పుడు నువ్వు" అంది. లైఫ్ జాకెట్ వేసుకుని, నడుముల్లోతు నీళ్లలో, రెండుసార్లు జారిపడి, మూడోసారి ఎక్కాను. ఎలా ఎక్కానో అడక్కండి.

గాలి దగ్గర మాత్రం నేను తగ్గలేదు. నేల మీంచి సముద్రంలోకి వీచే గాలి రోజున ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, అదే మోసం. దూరం పోయేకొద్దీ అలలు పెరుగుతాయి, తిరిగి రావాలంటే గాలికి ఎదురు తెడ్డేయాలి. ఎంత స్థిరమైన కయాకైనా ఆ రోజు ఇంట్లోనే. వెళ్లిన రోజు ఒంటరిగా కాదు, పడవలవాళ్లు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ చేతి రేడియో ఒంటి మీదే ఉండాలి, పడవకి కట్టేసి కాదు. ఆపదలో పిలవాల్సిన 16వ ఛానెల్ మాటల్ని రేడియో ఆఫ్ చేసి ఇద్దరం వల్లెవేశాం. నా యాస విని పడీపడీ నవ్వింది.

ఆ 34 అంగుళాలలాంటిదే కొన్నాం. ఇంకా తేలనిది సీటు గొడవ. ఎత్తులో కూర్చుంటే గేలం విసరడం సులువే, కానీ బరువంతా పైకెక్కి పడవ తొందరగా ఒరుగుతుంది. కింది మెట్టులోనే పెట్టుకోమని చెప్పి పంపుతాను. తిరిగొచ్చాక చూస్తే పై మెట్టులో ఉంటుంది. ఏంటే ఇది అని అడిగితే తెలుగు అర్థం కానట్టు మొహం పెడుతుంది.