స్లాటెడ్ లైన్ బెంచీని తీసేయొద్దు

మా మైక్రోవేవ్ ల్యాబ్‌కి నెట్‌వర్క్ ఎనలైజర్ (సిగ్నల్ ఎంత వెనక్కి వస్తుందో, ఎంత దాటిపోతుందో కొలిచి స్క్రీన్ మీద చూపే పరికరం) వచ్చినప్పటి నుంచి, పాత బెంచీలు ఇంకెందుకు, తీసేద్దాం అన్న మాట మీటింగుల్లో తరచూ వినిపిస్తోంది. నేను వద్దనే అంటున్నాను. మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే క్లిస్ట్రాన్ ట్యూబులు దొరకట్లేదంటే, అదే పని చేసే గన్ డయోడ్ పెట్టుకుందాం. స్లాటెడ్ లైన్ మాత్రం ఉండాలి. అది పైన సన్నని చీలిక ఉన్న వేవ్‌గైడ్ ముక్క; ఆ చీలికలోంచి ప్రోబ్ అనే చిన్న తీగని లోపలికి దించి, అటూ ఇటూ జరిపి తరంగాన్ని కొలుస్తాం.

ఎక్స్ బ్యాండ్ వేవ్‌గైడ్ అంటే లోపల 22.86 మి.మీ. వెడల్పు, 10.16 మి.మీ. ఎత్తు ఉన్న లోహపు గొట్టం, తరంగాలు దాని లోపల నడుస్తాయి. 9.4 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగదైర్ఘ్యం సుమారు 31.9 మి.మీ. గొట్టంలో అదే 44.5 అవుతుంది. దీన్ని లెక్కగట్టే సూత్రం పిల్లలందరికీ నోటికొచ్చు, నమ్మకమే ఉండదు. చివర షార్ట్ ప్లేట్ (తరంగాన్ని వెనక్కి తిప్పికొట్టే లోహపు పలక) బిగించి ప్రోబ్‌ని మెల్లగా జరిపితే మీటర్ ముల్లు లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. పడిన రెండు చోట్ల మధ్య దూరం వెర్నియర్ మీద 22 మి.మీ. పైచిలుకు. అది సగం తరంగదైర్ఘ్యం. దాన్ని రెట్టింపు చేసుకుని "సార్, నిజంగానే 44 దాటింది!" అన్నప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

మినిమమ్‌నే , అంటే ముల్లు పడిన చోటునే, ఎందుకు వెతకాలని అడుగుతారు. మ్యాగ్జిమమ్ దగ్గర ముల్లు పెద్దగా కదలదు, ఎక్కడ ఆపాలో తెలియదు. మినిమమ్ పదునుగా ఉంటుంది. దానికి అటూ ఇటూ ముల్లు ఒకే రీడింగ్ చూపే చోట్లు రాసుకుని సగటు తీస్తే ఇంకా కచ్చితంగా వస్తుంది. ప్రోబ్‌ని లోతుగా దించితే సిగ్నల్ పెరుగుతుంది, కానీ ప్రోబే లోపలి తరంగాన్ని చెదరగొడుతుంది. ఎంత దించాలో చేత్తో చేస్తేనే పట్టుబడుతుంది.

1888లో కార్ల్స్‌రూలో హైన్రిక్ హెర్ట్జ్ చేసిన పని కూడా ఇలాంటిదే. గోడకు జింకు రేకు నిలబెట్టి, తీగ చుట్టు పట్టుకుని, ఆ చుట్టులో నిప్పురవ్వ ఎక్కడ ఆగిపోతుందో వెతికాడు. ఆగిన చోటే ఆయన మినిమమ్.

ఎనలైజర్ మీద నాకు కోపం లేదు. ఫిల్టర్ ట్యూన్ చేయాలంటే అదే కావాలి. ఓపెన్, షార్ట్, లోడ్ అనే ప్రామాణిక ముక్కలు పెట్టి క్యాలిబ్రేట్ చేయడం, కేబుల్ చివరి ఎస్ఎంఏ కనెక్టర్ బిగించేటప్పుడు నట్ మాత్రమే తిప్పడం అందరూ నేర్చుకోవాల్సిందే. కాకపోతే స్క్రీన్ మీద జవాబు క్షణంలో వచ్చేస్తుంది, తరంగం ఎక్కడుందో తెలియకుండానే.

వచ్చే సెమిస్టర్‌లో ముందు స్లాటెడ్ లైన్, తర్వాతే ఎనలైజర్. ఒకే హార్న్ యాంటెన్నాని రెండు పద్ధతుల్లోనూ కొలిపిస్తాను. తేడా వస్తే ఎందుకొచ్చిందో రికార్డులో రాయాలి. మార్కుల్లో ఎక్కువ భాగం దానికే.