పాత కార్పెట్ తనిఖీ: 12×15 అడుగుల గది

మొదటి రోజు

సామాను తీసి, లైట్లు ఆర్పి, టార్చి నేలకు ఆనించి వేస్తే మూడు ముడతలు తేలాయి. మూడూ 12 అడుగుల గోడకు సమాంతరంగానే ఉన్నాయి. నడిమిది గుప్పెట్లోకి వస్తోంది. అంటే పొడవు వైపు లాగుడు చాలలేదు. టఫ్టెడ్ కార్పెట్‌ను, అంటే పోగుల్ని వెనుక గుడ్డలోకి సూదులతో గుచ్చి చేసినదాన్ని, మామూలుగా 1 నుంచి 1.5 శాతం దాకా లాగాలి. 15 అడుగులకు లెక్కేస్తే సుమారు 1.8 నుంచి 2.7 అంగుళాలు. మోకాలితో గుద్దే నీ కికర్‌తో అంత రాదు. అది మూలల్లో సర్దడానికి, అంచును ముళ్లకు తగిలించడానికి. గది మొత్తం లాగాలంటే ఎదుటి గోడకు ఆనించి, పిడి నొక్కి లాగే పవర్ స్ట్రెచరే.

మూల పట్టకారుతో లేపి చూస్తే అసలు సంగతి బయటపడింది. ట్యాక్ స్ట్రిప్ (కార్పెట్ అంచును పట్టుకునేలా గోడ వెంబడి నేలకు కొట్టే ముళ్ల పట్టీ) ముళ్లు గోడ వైపే వాలి ఉన్నాయి, అది సరే. కానీ స్ట్రిప్‌కూ గోడకూ మధ్య సందు 15 మి.మీ. కార్పెట్ మందం 10. సందు కార్పెట్ మందం కన్నా కాస్త తక్కువ ఉంటేనే అంచు బిగుతుగా దిగుతుంది. కింది ప్యాడ్ 14 మి.మీ., బొటనవేలితో నొక్కితే నేల తగులుతోంది. ఇళ్లలో 11 దాటకూడదు. మెత్తటి ప్యాడ్ మీద అడుగు పడ్డప్పుడల్లా కార్పెట్ వంగుతుంది, ఎంత లాగినా మళ్లీ వదులవుతుంది.

వెనుక పొరలు వేళ్లతో విడదీస్తే ఊడలేదు. పొడి రాలుతూ తేలిగ్గా ఊడొస్తే మాత్రం లాగడం దండగ, కార్పెట్ మార్చాల్సిందే.

రెండో రోజు

గోడ వెంబడి నల్లటి గీత. ఊడ్చలేదని అందరూ అనేస్తారు గానీ, స్కర్టింగ్ కింది సందులోంచి గాలి వెళ్తుంటే కార్పెట్ జల్లెడలా మసిని పట్టేస్తుంది. సందు దగ్గర టిష్యూ కాగితం పట్టుకుంటే రెపరెపలాడింది. ముందు సందు సీలెంట్‌తో పూడ్చి, తర్వాతే శుభ్రం చేయాలి. అయినా కొంత మిగులుతుంది.

నడుమ ముదురు మచ్చను రెండు ఎదురెదురు వైపుల నుంచి ఫొటో తీస్తే ఒకదాంట్లో ముదురు, రెండో దాంట్లో లేత. మరకైతే రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది. ఇది పైల్ (కార్పెట్ పైన నిలబడే పోగులు) తిరగబడటం. బ్రష్ చేసినా అక్కడే తిరిగొస్తుంది, దీనికి మందు లేదు.

అతుకు కొంచెం ఉబ్బింది. లాగుడు పడ్డ అతుకు దగ్గర అది కొంత మామూలే. కానీ పోగులు ఊడుతున్నాయంటే అంచుకు పోగుల్ని పట్టి ఉంచే లేటెక్స్ జిగురు రాయలేదన్న మాట. పైకొచ్చిన పోగు లాగొద్దు, కత్తెరతో సమానంగా తుంచాలి.

మూడో రోజు

నేలలోంచి చెమ్మ వస్తోందేమో చూడ్డానికి కాంక్రీటు మీద 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటు, నాలుగు వైపులా టేపు, 16 గంటలు. కింద చెమ్మ లేదు, కాంక్రీటు రంగు మారలేదు.

స్ట్రిప్ జరిపి, 10 మి.మీ. గట్టి ప్యాడ్ వేసి, పవర్ స్ట్రెచర్‌తో లాగాక 12 అడుగుల గోడ దగ్గర మిగిలి కత్తిరించిన అంచు: 2¼ అంగుళాలు. టార్చి మళ్లీ ఆనించి వేస్తే ముడతలు లేవు. అతుకు అంచు సీల్ చేయడం ఇంకా మిగిలింది.