సీడ్ అదే, స్కేల్ మాత్రం వేరు

మాటల్లో చెబితే బొమ్మ గీసే ఏఐ స్టేబుల్ డిఫ్యూజన్‌తో ఆడుకుంటున్నా. అందులో సీడ్ అంటే బొమ్మ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకె, స్కేల్ అంటే మన మాటకి ఎంత కట్టుబడాలో చెప్పే అంకె. "సీడ్ కదిలించకు అక్కా, స్కేల్ ఒక్కటే పెంచు" అని తమ్ముడు ఫోన్‌లో అంటుండగానే కొత్త బొమ్మ వచ్చేసింది. అదే అవ్వ, అదే కూర్చున్న తీరు, కానీ ఈసారి ముందున్న రాశి నిజంగా పల్లీలే! ఇంతకుముందు అవి ఆలుగడ్డల్లా ఉండేవి.

బెంగళూరు బసవనగుడి కడలేకాయి పరిషె (పల్లీల జాతర) బొమ్మ ఇది. కార్తీకం చివరి సోమవారం దొడ్డ బసవణ్ణ గుడి దారంతా రాశులు పోస్తారు కదా, అక్కడి అవ్వ కావాలి నాకు.

స్టేబుల్ డిఫ్యూజన్‌ని టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) నుంచి నడిపితే స్కేల్ మామూలుగా 7.5 ఉంటుంది, పెంచేకొద్దీ మన మాటకి ఎక్కువ కట్టుబడుతుంది, మరీ పెంచితే రంగులు గట్టిపడి చీర మీద నీడలు కూడా పోతాయి. 10 దగ్గర ఆపాను. స్టెప్స్ (బొమ్మని ఎన్ని విడతల్లో తేటపరచాలో ఆ లెక్క) ముందు 20తో చూసుకుని, నచ్చాకే 50 పెడుతున్నా, టైం కలిసొస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం సీడే. బొమ్మ మొదలయ్యే ఆ చుక్కల గందరగోళాన్ని ఒక్క అంకె పట్టి ఉంచుతుంది, అది కదలకపోతే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో కళ్లారా తెలుస్తుంది. ఇలా ఒక్కొక్కటే మార్చి చూడటంలో ఎంత ఆనందముందో!

ఇక వెడల్పు. స్టేబుల్ డిఫ్యూజన్ పాత మోడల్ 512 x 512 పిక్సెళ్ల చదరపు బొమ్మలతో నేర్చుకుంది, బాగా సాగదీస్తే ఖాళీలో ఇంకో అవ్వని పుట్టిస్తోంది. పరిషె వీధంతా పట్టేలా తీసే దారి తెలిసినవాళ్లు కింద రాయండి, ప్లీజ్.