వేలు ఎలా చూపించారన్నదే అసలు సంగతి

రెండు కప్పులు బోర్లించి, ఒకదాని కింద తిండి ముక్క దాచి, వేలితో చూపిస్తే కుక్క ఆ కప్పు దగ్గరికే వెళ్తుందని పాతికేళ్లుగా చదువుతున్నాం. తేలనిది వేరు: "ఈ మనిషి నాకే చెబుతున్నాడు" అని కుక్క గ్రహిస్తోందా, చెయ్యి ఎటుంటే అటు పోవడం అలవాటైందా? దీనికోసం మెనీడాగ్స్ (కుక్కల మీద పనిచేసే పలు ల్యాబుల పరిశోధకుల బృందం) 20 చోట్ల 455 కుక్కల మీద ఒకే ప్రయోగం చేసి, 2023లో ఫలితాలు ప్రచురించింది.

అన్ని కుక్కలెందుకు? ఒక కుక్కకు 8 అవకాశాలిచ్చారనుకోండి. ఏమీ తెలియకుండా గుడ్డిగా ఎంచుకున్నా, 6 లేదా అంతకన్నా ఎక్కువ సరైపోయే వీలు నూటికి 14 పైనే. వేలు చూపే రెండు పద్ధతులను పోలుస్తున్నప్పుడు వాటి మధ్య కాస్తంత తేడా ఉంటే, ఒక ల్యాబుకు దొరికే కొద్దిపాటి కుక్కల్లో అది కనబడదు.

ఒక పద్ధతిలో కుక్క కళ్లలోకి చూసి, పేరు పిలిచి, వేలు చూపించారు. రెండోదానిలో చూపు కలపకుండా, పేరుకు బదులు గొంతు సవరించుకుని చూపించారు. పిలుపు తీసేసి ఊరుకుంటే సరిపోదు; ఏ చప్పుడూ లేకపోతే కుక్క ఇటు తిరగకపోవచ్చు, అప్పుడు పోలికే చెడుతుంది.

చెయ్యి విషయం ఇంకా సున్నితం. కుడివైపు కప్పును ఎడమ చేత్తో, ఒంటికి అడ్డంగా చూపాలి. కుడి చెయ్యే చాపితే అది కప్పుకు దగ్గరగా వెళ్తుంది, కుక్క చేతి వెంట పోయినా సరైన జవాబే అవుతుంది. చెయ్యి దించాకే కుక్కను వదలాలి.

చెడగొట్టేవి ఇంకా ఉన్నాయి. వాసన ఒకటి: వేలు చూపకుండా కొన్నిసార్లు వదిలి చూడాలి, అప్పుడు సరైన ఎంపికలు సగానికి సగమే రావాలి. పట్టుకున్న యజమానికి కప్పు సంగతి తెలిస్తే తెలియకుండానే గొలుసు అటు లాగుతాడు. కొన్ని కుక్కలు ఎప్పుడూ ఒకే పక్కకు పోతాయి. అందుకే తిండి రెండు పక్కలా సమానంగా, వరుస ఊహకు అందకుండా మార్చాలి.

ఫలితం? రెండు పద్ధతుల్లోనూ కుక్కలు గుడ్డి ఎంపిక కన్నా మెరుగ్గానే చేశాయి, కానీ పిలుపుకూ గొంతు సవరింపుకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అన్ని చోట్లా ఇదే తీరు. నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది మరొకటి: ఇలా అడ్డంగా చూపి దించేసే సైగను కుక్కలు పాత పరిశోధనలు చెప్పినంతగా అనుసరించలేదు. కాబట్టి రెండు పేపర్ల శాతాలు పక్కపక్కన పెట్టేముందు, ఏ చెయ్యి, ఎప్పుడు దించారు అన్నది పద్ధతుల విభాగంలో వెతకండి.