మా ఆయన ముత్తాత బాయి

1911 జనాభా లెక్కల కాగితంలో మా ఆయన ముత్తాత దొరికాడు. ఊరు వేల్స్‌లోని సెంగెనిద్, పని బొగ్గు తవ్వడం, భాష వెల్ష్. ఇంటి యజమానులు సొంతంగా నింపిన కాగితాలనే దాచింది ఆ ఏడాది నుంచే. అంటే అది ఆయన చేతిరాతే!

రెండేళ్లకు, 1913 అక్టోబర్ 14 పొద్దున, ఆ ఊరి గనిలో పేలుడు. 439 మంది కార్మికులు పోయారు. జాబితా చదువుతుంటే ఎంత టెన్షనో. ఆయన పేరు లేదు. ఆ వారం ఆయనది రాత్రి షిఫ్టట, మా మామగారు చెప్పారు.

నిన్న వేల్స్‌లోనే బ్లైనావన్ వెళ్లి, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న బిగ్ పిట్ బొగ్గు గనిలో 90 మీటర్లు కిందికి దిగాం. నిప్పురవ్వ వస్తే గ్యాస్ అంటుకుంటుందని ఫోన్లు, వాచీలు పైనే తీసేసుకున్నారు. సింగరేణిలో బొగ్గు బాయికి పోయేటప్పుడు నాన్న కూడా అగ్గిపెట్టె ఇంట్లోనే వదిలేసేవాడు. రాత్రి ఫోన్ చేస్తే నాన్న మొదటి ప్రశ్న: "పైకప్పుకు కట్టెలు పెట్టారా, ఇనుమా?"